ఏ పుస్తకం చదవాలని అడిగిన పిల్లలకు

నల్లగొండ,
నవంబరు నెల.

బంగారు బిడ్డలకు తాత ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. గ్రంథాలయ వారోత్సవాలని మీ సారు మిమ్మల్నందరినీ నాగర్‌కర్నూల్ లైబ్రరీకి తీసుకుపోయారట. బీరువాల నిండా పుస్తకాలు చూసి, ఏది తీయాలో తోచక, చివరికి పేపర్లో సినిమా పేజీ చూసి వచ్చేశారట. "తాతా, అన్నిట్లోకి మంచి పుస్తకం ఒక్కటి చెప్పు, అందరం అదే చదువుతం" అని పెద్దమనవరాలు రాసింది. కింద చిన్నోడు వంకరటింకర అక్షరాలతో ఇంకో ముక్క చేర్చాడు: "నాకు రెండు పేజీలు చదవంగనే లేచి ఉరకబుద్ధయితది. నాకు చదువుడు రాదా?"

ముందు చిన్నోడికి జవాబు. నీకు చదవడం వచ్చు బిడ్డా. నీకు సరిపడే మేత ఇంకా నీ నోటికి అందలేదు, అంతే. ఇక పెద్దమ్మాయి అడిగిన ఆ ఒక్క పుస్తకం సంగతి. అలాంటిది లేదు తల్లీ. ఉంటే అన్ని బీరువాలు ఎందుకు?

మేత అని ఎందుకన్నానో చెప్తాను. మీ ఈడులో నాకు ఎండాకాలం సెలవులంటే మందలే. మా ఊరు దేవరకొండ పక్కన. చుట్టూ గుట్టలు, మధ్యలో చెలకలు. ఊళ్లో జీవాలు కాసే ఒక పెద్దాయన ఉండేవాడు. భుజాన గొంగడి, చేతిలో పొడుగాటి దోటి, నడుముకు సద్దిమూట. పొద్దున్నే ఆయన వెంట పడేవాణ్ణి. ఆయన మందలో గొర్రెలూ మేకలూ కలిసే ఉండేవి. వెనక మా ఇంటి బర్రెలను నేను తోలుకొచ్చేవాణ్ణి. గుట్ట దగ్గరికి చేరగానే చూడాలి వాటి తమాషా! గొర్రెలు తల వంచాయంటే మళ్లీ ఎత్తవు. గొర్రె పై పెదవి నడుమ చీలి ఉంటుంది, అందుకే నేలకు అంటుకున్న పొట్టి గడ్డిని కూడా కొరుక్కోగలదు. మేకకు నేల చూపే లేదు. రేగుపొద మీద నాలుగు ఆకులు, తుమ్మకొమ్మకు రెండు కాయలు, అంతలోనే ఇంకో చెట్టు. వెనక కాళ్ల మీద నిలబడి, ముళ్ల సందుల్లోంచి ఆకును ఏరుకుంటుంది. బర్రె గడ్డిని నాలుకతో చుట్టి లాక్కుని, కడుపు నిండాక చెరువుగట్టు నీడన కూలబడి, కళ్లు అరమోడ్చి నెమరు వేస్తుంది. ఆ పెద్దాయన ఒక్కనాడు కూడా మేకను పట్టుకుని గడ్డి మెయ్యమని కొట్టలేదు. అందని కొమ్మ ఉంటే దోటితో వంచి పట్టుకునేవాడు. అంతవరకే ఆయన పని.

మిమ్మల్ని జీవాలతో పోల్చానని అలగకండి. అరవై ఏళ్లు దాటాక కూడా పుస్తకాల గురించి ఆలోచిస్తే నాకు ఆ మందే గుర్తుకొస్తుంది.

చిన్నోడా, నువ్వు మేకవి. నీకు పొడుగు నవల ఇస్తే పారిపోతావు, పారిపోవడమే న్యాయం. నీకు పొట్టి ముచ్చట్లు కావాలి. పరమానందయ్య శిష్యుల కథలు తీసుకో, ఒకటి చదివి ఉరుకు, మళ్లీ వచ్చి ఇంకోటి చదువు. ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు' తీసుకో. బాపు బొమ్మలు చూసుకుంటూ ఏ పేజీలో మొదలుపెట్టినా నడుస్తుంది. 1947 జులైలో మొదలైన 'చందమామ' ఇప్పుడు రావడం లేదు గానీ, పాత సంచికలు ఎవరింట్లోనైనా అటక మీద దొరకొచ్చు, అడుగు. వీటన్నిటికంటే ముందు నీకు ఇవ్వాలనిపించేది పాకాల యశోదారెడ్డి గారి 'మా ఊరి ముచ్చట్లు'. ఆమె మీ పక్కనున్న బిజినేపల్లిలో పుట్టారు. మీ నాయనమ్మ మాట్లాడే మాటే ఆ పుస్తకంలో అచ్చయి ఉంటుంది. దాన్ని మనసులో చదువుకోవద్దు. నాయనమ్మ పక్కన కూర్చుని గట్టిగా చదువు. నీకు తెలియని మాట వస్తే ఆమె ఆపి చెప్తుంది, ఆ చెప్పడంలో ఇంకో ముచ్చట బయటికొస్తుంది.

ఇంకో సంగతి. మేక తుమ్మకాయలు తిన్నదనుకో, రాత్రి నెమరు వేసేటప్పుడు గట్టి గింజలను ఉమ్మేస్తుంది. పొద్దున కొట్టం ఊడుస్తుంటే చీపురుకు తగులుతాయి. రెండు పేజీలు చదివి ఉరికినవాడిలో కూడా ఏదో ఒకటి అలా మిగులుతుంది. కాబట్టి చదివింది తక్కువని బెంగపడకు.

పెద్దమ్మాయి గొర్రె తరహా అని నాకు ముందునుంచే తెలుసు. పుస్తకం చేతికొస్తే అన్నానికి పిలిచినా పలకదు. నీకు పొట్టి కథలు ఆనవు తల్లీ. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' వెతుక్కో, 12 భాగాలు. మణిసిద్ధుడనే ఆయన కాలినడకన కాశీకి బయల్దేరుతూ తోడు వెతుక్కుంటాడు. పశువులు కాసుకునే గోపాలుడు వస్తానంటాడు, కానీ షరతు పెడతాడు: దారిలో నేను చూసిన ప్రతి వింతకూ నువ్వు కథ చెప్పాలి. ఇక చూడు, మజిలీ మజిలీకీ కథ, కథలో కథ, దాని కడుపులో ఇంకో కథ! భాష పాతది, మొదట్లో కొంచెం తడబడతావు, పది పేజీలకు అలవాటవుతుంది. ఇంకా రెండేళ్లు పోయాక సహవాసి తెలుగులోకి తెచ్చిన 'ఏడు తరాలు' చదువు. ఆఫ్రికా నుంచి సంకెళ్లతో ఎత్తుకుపోయిన ఒక పిల్లవాడి వంశం కథ. దాన్ని చదివేటప్పుడు ఏడుపొస్తే ఆపుకోవద్దు.

మీ క్లాసులో ఒక పాప గంటసేపు ఒకే పేజీ చూస్తూ కూర్చుంటుందనీ, అందరూ ఆమెను మొద్దు అంటారనీ రాశారు. ఇది చదివి నాకు బాధేసింది. ఆ మాట ఇంకెప్పుడూ అనకండి. నిజానికి గొర్రె, మేక కూడా నెమరు వేస్తాయి, వాటికి కూడా బర్రెలాగే నాలుగు అరల కడుపే. కానీ బర్రె నెమరు వేస్తుంటే దగ్గర కూర్చుని చూశారా? మింగిన ముద్ద గొంతులోంచి పైకి వస్తున్నట్టు బయటికే కనిపిస్తుంది. దవడ పక్కకు తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. ఆ నిదానంలోనే గడ్డి పాలవుతుంది. ఆ పాపకు పద్యాలు ఇవ్వండి. వేమన పద్యంలో మూడు పాదాల్లో చెప్పాల్సిందంతా అయిపోతుంది, నాలుగోది మకుటం. ఆ మూడు పాదాలతో ఒక సాయంత్రం గడపొచ్చు. గోరటి వెంకన్న గారి 'వల్లంకి తాళం' కూడా ఇవ్వండి. ఆయనది మీ తెలకపల్లి మండలం గౌరారమే. ఆ పుస్తకానికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వాగులు, పిట్టలు, చెట్లు అన్నీ అందులో ఉంటాయి. తొందరపడేవాళ్లకు అవి అందవు. ఆ పాపకు అందుతాయి.

ఇక కథ మొదలుపెట్టగానే "ఇది నిజంగా జరిగిందా?" అని అడ్డుపడే మీ నడిపోడు. మందలో కొన్ని జీవాలు పచ్చిమేత వదిలేసి చవుడు నేల దగ్గర ఆగి ఉప్పు నాకుతాయి. ఒళ్లు ఉప్పు అడిగితే అంతే, కొట్టినా కదలవు. వీడికి నిజాలే కావాలి. వీడి కోసం రష్యన్ రచయిత యాకోవ్ పెరెల్మాన్ రాసిన 'నిత్యజీవితంలో భౌతికశాస్త్రం' ఉంది. నా కుర్రతనంలో ఊళ్లకు విశాలాంధ్ర పుస్తకాల వ్యాను వచ్చేది. అందులో మాస్కోలో తెలుగులో అచ్చయిన పుస్తకాలు, నున్నటి కాగితం, గట్టి అట్ట, చవక ధర. ఆ వ్యాను ఎక్కి పుస్తకం వాసన చూడటం నాకు జాతర కంటే ఎక్కువ. పెరెల్మాన్ ఏమంటాడో విను: కుర్చీలో వీపు నిటారుగా పెట్టి కూర్చో. పాదాలు కుర్చీ కిందికి జరపొద్దు, ముందుకు వంగొద్దు. ఇప్పుడు లే! పహిల్వాన్ అయినా లేవలేడు. ఎందుకో నేను చెప్పను. ముందు మీ నాన్నను కూర్చోబెట్టి చూడు, తర్వాత పుస్తకంలో వెతుకు.

వాడికే ఇంకొకటి, పెద్దయ్యాక. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. ఆయన మన పాలమూరు బిడ్డ, గద్వాల వైపు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేసి చూపించిన మనిషి. ఈ చరిత్రలో రాజుల యుద్ధాలు కాదు, ఆ కాలం జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడుకున్నారు, అవి ఉంటాయి. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1955లో, ఈ పుస్తకానికే. అప్పటికి ఆయన లేరు.

బడంటేనే కోపం వచ్చే పిల్లలు మీలో ఉంటే 'రైలుబడి' వెతకండి. పాత రైలుపెట్టెల్లో నడిచిన ఒక జపాను బడి కథ అది, జరిగిన కథ.

ఈ పుస్తకాలు మీకు అందడానికి మనవాళ్లు పడ్డ పాట్లు మామూలువి కావు. నిజాం కాలంలో తెలుగు చదువే కరువు. మన నకిరేకల్ దగ్గర చెరువుమాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి, హోటల్లో పనిచేస్తూ చదువుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, వేసిన పుస్తకాలను తానే మోసుకుంటూ తిరిగి అమ్మాడు. ఇప్పుడు లైబ్రరీకి మీ నాన్న కట్టే ఇంటిపన్నులోనే రూపాయికి 8 పైసలు సెస్సుగా పోతుంది. అంటే ఆ బీరువాల్లో మీ ఇంటి డబ్బుంది. మొహమాటం లేకుండా పోండి. లైబ్రరీ అంటే గ్రూప్స్‌కు, డీఎస్సీకి ప్రిపేరయ్యే అన్నలది మాత్రమే అనుకోకండి. వాళ్ల టెన్షన్ వాళ్లకుంటుంది కాబట్టి చప్పుడు చేయకుండా కథల బీరువా దగ్గరికి నడవండి, చాలు.

ఎలా ఏరుకోవాలో చెప్తాను. అట్ట చూసి తీయండి, తప్పులేదు. నడుమ ఎక్కడో ఒకచోట తెరిచి నిలబడే ఒక పేజీ చదవండి. ఆ పేజీ తర్వాతది తిప్పాలనిపిస్తే అది మీది. ఇంటికి తెచ్చాక ముప్పై పేజీలైనా లాగకపోతే తిరిగి ఇచ్చేయండి. సగంలో ఆపడం పాపమని నాకు మా పంతులు చెప్పారు, దాన్ని నేను ఒప్పుకోను. ఈ ఏడు నచ్చనిది మూడేళ్ల తర్వాత నచ్చుతుంది. మీరు మేకలుగా పుట్టి మేకలుగానే ఉండిపోరు కూడా. పరీక్షలప్పుడు మేక, వానాకాలం సెలవుల్లో గొర్రె, మనసు బాగోలేనినాడు బర్రె. నాకు ఒక్క వారంలోనే మూడూ అవుతుంటాయి.

ఈ ఆదివారం మీ నలుగురూ పోయి, నాలుగు వేరువేరు పుస్తకాలు తెచ్చుకోండి. ఒకే పుస్తకం ఇద్దరు తేవద్దు. మెంబర్ కార్డుకు కొద్దిపాటి డిపాజిట్ అడుగుతారు, నాన్నను అడిగి తీసుకెళ్లండి. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పోదామనుకుంటున్నాను. లైబ్రరీలో దొరకని పుస్తకాల పేర్లు రాసి పంపితే అక్కడ కొని తెస్తాను. ఎవరికి ఏ పుస్తకం కావాలో పేరు ఎదురుగా రాయండి, కలిపి రాస్తే నాకు తికమకవుతుంది. జాబు నెలాఖరులోగా వేయండి.

ఇట్లు,
మీ తాత