నలుగురు మగవాళ్లలో ఒకరు మద్యం తాగుతారు, సరే. ఎక్కడ?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 23.3 శాతం, ఆడవాళ్లలో 0.5 శాతం మంది మద్యం తాగుతారు. పేపర్లో హెడ్డింగ్‌కి ఇది చాలు. మలికిపురంలో ఆశా కార్యకర్త రేపు పొద్దున ఏ వీధికి వెళ్లాలో మాత్రం దీన్నిబట్టి తెలియదు. కోనసీమ కొబ్బరితోటలు, భీమవరం రొయ్యల చెరువులు, లంక గ్రామాలు అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోయాయి. పైగా ఇంటికొచ్చిన కొత్త మనిషితో "ఔనండీ, తాగుతాను" అని ఎంతమంది అంటారు? ఆ 0.5 మీద నాకు అనుమానమే.

నివారణకి ఊరి లెక్క కావాలి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఎవరు ఏ కారణంతో చనిపోతున్నారో అలా లెక్క తీశారు. పల్లెల్లో చాలామంది ఇంట్లోనే పోతారు, డాక్టరు రాసిన కారణం ఉండదు. అందుకని ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకెళ్లి చివరి రోజుల్లో ఏం జరిగిందో అడిగి రాసుకొస్తే, వాటిని చదివి డాక్టర్లు కారణం తేల్చారు. మొత్తం చావుల్లో గుండె, రక్తనాళాల జబ్బులవి 32 శాతం. ప్రమాదాలు, ఆత్మహత్యలు వగైరా కలిపి 13 శాతం. పల్లె ఆరోగ్యమంటే జ్వరాలూ విరేచనాలే అనుకునేవాళ్లకి ఇది మింగుడుపడని లెక్క.

ఇలాంటి లెక్కతో ఏం చేయొచ్చో శ్రీలంక చూపించింది. ఆత్మహత్యల్లో ఏ పురుగుమందులు ఎక్కువ ప్రాణాలు తీస్తున్నాయో గమనించి, మోనోక్రోటోఫాస్‌ లాంటివాటిని 1995లో, ఎండోసల్ఫాన్‌ని 1998లో ఆపేశారు. 2005 నాటికి ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. వరి పండించే మన డెల్టాకి ఇంతకన్నా దగ్గరి పాఠం లేదు.

అంకెలు చదవడంలో తిరకాసులున్నాయి. రెండు వేల జనాభా ఉన్న ఊళ్లో నిరుడు ఒక ఆత్మహత్య, ఈ ఏడాది మూడు జరిగితే "మూడు రెట్లు" అని గగ్గోలు పెట్టకూడదు, అది కాకతాళీయం కావచ్చు. మండలమంతా కలిపి, నాలుగైదేళ్లు కలిపి చూడాలి. అలాగే తాగుడు మాన్పించే డీఅడిక్షన్ సెంటర్ తెరిచిన ఏడాది కేసులు పెరుగుతాయి. అంతమాత్రాన తాగుడు పెరిగినట్టు కాదు. నిమ్‌హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) 2015-16 సర్వేలో మద్యం సమస్య ఉన్నవాళ్లలో 86 శాతం మందికి వైద్యమే అందలేదు. అలాంటి చోట ఓపీ క్యూ పెరిగితే సంతోషించాలి.

మనసు బాధ మాటకొస్తే, పశ్చిమ గోదావరిలో ఆశాలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగిన ప్రాజెక్టు ఒకటి నడిచింది. దిగులు కొలవడానికి తొమ్మిది ప్రశ్నలు. "పిన్నిగారూ, ఈ రెండు వారాల్లో నిద్ర సరిగ్గా పడుతుందాండీ?" ఒక్కో జవాబుకి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి. తొమ్మిదోది చనిపోవాలనిపిస్తోందా అన్నది. అత్తగారు వసారాలో కూర్చుని వింటుంటే ఏ కోడలూ దానికి నిజం చెప్పదు. అడగాలంటే ఆమెని పక్కకి పిలవాలి. అలా కుదరనివాళ్లు ఫోన్లోనైనా చెప్పుకోవచ్చు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.