అమ్మ పనికి ధర కట్టింది యాక్సిడెంట్ కేసులే

ఉద్యోగం చేసే తల్లి మేలా, ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచే తల్లి మేలా? ఈ వాదన ఎప్పుడు మొదలైనా, ఇంట్లో ఉన్నావిడ "ఖాళీగా ఉంది" అన్న లెక్కతోనే మొదలవుతుంది. మన దేశంలో ఆ లెక్కను గట్టిగా నిలదీసినవి నష్టపరిహారం కేసులు. అంటే, ఆ తల్లి చనిపోయాక.

1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టికలో ఒక సూత్రం పెట్టారు. ప్రమాదంలో పోయిన భార్యకు సంపాదన లేకపోతే, పరిహారం లెక్కకు ఆవిడ ఆదాయం భర్త ఆదాయంలో మూడో వంతు అనుకోవాలి. అదే వంట, అదే పిల్లల పెంపకం. ఆఫీసరు భార్యకు ఒక రేటు, కూలీ భార్యకు ఇంకో రేటు!

1989లో జంషెడ్‌పూర్‌లో ఒక వేడుకలో జరిగిన అగ్నిప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది. 34 నుంచి 59 ఏళ్ల గృహిణుల సేవలకు నెలకు 3,000 రూపాయలు కట్టింది. అంతకుముందు వేసిన లెక్క ఏడాదికి 12,000 మాత్రమే. ఆ మూడు వేలకు వంటమనిషీ ఆయా ఇద్దరూ దొరికేవారా అన్నది వేరే మాట.

2010లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన కేసు మరీ విచిత్రం. రోడ్డు ప్రమాదంలో పోయిన గృహిణికి, పరిహారం తేల్చే ట్రిబ్యునల్ 6 లక్షలు లెక్క తేల్చి, ఆవిడకు సంపాదన లేదు కదా అని రెండున్నర లక్షలకు కోసేసింది. హైకోర్టూ సరేనంది. సుప్రీంకోర్టు ఆ 6 లక్షలూ ఇప్పించింది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే సుమారు 36 కోట్ల మంది స్త్రీలను "పని చేయనివారి" కింద, బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీల సరసన రాశారని జస్టిస్ ఎ.కె. గంగూలీ ఆ తీర్పులోనే తప్పుపట్టారు.

2021 జనవరిలో ఇంకో అడుగు పడింది. గృహిణికి ఊహించి కట్టిన ఆదాయానికి కూడా, ఉద్యోగికి కలిపినట్టే, ముందుముందు పెరిగే సంపాదనను కలపాలని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి. రమణ ఆ కేసులో విడిగా రాసిన తీర్పులో ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్కించిన 2019 టైమ్ యూజ్ సర్వేను ముందుపెట్టారు: ఇంటిపనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97.

మరి బతికున్నవాళ్ల సంగతి? 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది గానీ, అది ఉద్యోగం ఉన్నవాళ్లకే. తండ్రి సెలవు ఊసు ఆ చట్టంలో లేదు. తమిళనాడు ప్రభుత్వం 2023 సెప్టెంబరులో కుటుంబ పెద్దలైన స్త్రీలకు నెలకు 1,000 రూపాయలు హక్కుగా ఇస్తున్నామంటూ మొదలుపెట్టింది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే అదీ రాదన్నారు. అలాంటప్పుడు దాన్ని చేసిన పనికి ఇచ్చే డబ్బు అనడం కంటే సంక్షేమ పథకం అనడమే సబబు.