రెడింగ్ టెర్మినల్ మార్కెట్: సందర్శకుల అపోహలు, అసలు వాస్తవాలు

ఫిలడెల్ఫియా డౌన్‌టౌన్‌లో, పన్నెండో వీధీ ఆర్చ్ స్ట్రీటూ కలిసే చోట ఉన్న రెడింగ్ టెర్మినల్ మార్కెట్‌ను సందర్శకులకు తిప్పి చూపించడం నా వృత్తి. న్యూజెర్సీ నుంచి వారాంతంలో వచ్చే తెలుగు కుటుంబాలు, పిల్లల దగ్గరికని హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వచ్చి ఊరు చూడడానికి బయలుదేరిన తల్లిదండ్రులు నా బృందాలలో తరచుగా ఉంటారు. మాల్‌లో పై అంతస్తున ఉండే ఫుడ్ కోర్టును మనసులో పెట్టుకుని వచ్చినవారికి తలుపు తీయగానే చేపల వాసన, వేగుతున్న ఉల్లిపాయల ఘాటు, భుజాలు రాసుకునే జనం ఒక్కసారిగా ఎదురవుతాయి. ఆ తరువాత నేను వినే ఫిర్యాదులలో ఎక్కువ భాగం ఒకే చోట పుడుతున్నాయని నా అభిప్రాయం. ఇది ప్రధానంగా కూరగాయలు, మాంసం, చేపలు, రొట్టెలు అమ్మే బజారనీ, కూర్చుని తినే ఏర్పాటు అందులో ఒక భాగం మాత్రమేననీ ముందుగా తెలిసినవారికి ఆ ఇబ్బందులు చాలావరకు ఎదురుకావు.

అపోహ: పాత రైల్వే స్టేషన్‌ను ముస్తాబు చేసి పర్యాటకుల కోసం పెట్టిన ఫుడ్ కోర్టు ఇది.

వాస్తవం: ఈ స్థలంలో స్టేషన్ కంటే ముందు బజారే ఉండేది. వీధి నడుమ పాకలు వేసుకుని అమ్ముకుంటున్న వర్తకులను 1859లో నగరపాలకులు ఖాళీ చేయించగా, వారు పన్నెండో వీధి దగ్గర కప్పు కింద నడిచే మార్కెట్లకు చేరుకున్నారు. కొన్ని దశాబ్దాల తరువాత ఫిలడెల్ఫియా అండ్ రెడింగ్ రైల్‌రోడ్ కంపెనీ తన కొత్త స్టేషన్‌కు సరిగ్గా ఆ జాగానే కోరుకుంది, కసాయివారూ రైతులూ కదలబోమని భీష్మించారు. చివరికి కుదిరిన రాజీ ప్రకారం పట్టాలను పై అంతస్తుకు ఎత్తి, వర్తకులను వాటి కిందనే ఉండనిచ్చారు. 1893లో స్టేషన్ తెరుచుకునే నాటికి మార్కెట్ కింద శీతల గిడ్డంగి కూడా ఏర్పడింది, బజారు సరుకులతో పాటు ఆసుపత్రులూ బీరు తయారీదార్లూ అందులో గదులు అద్దెకు తీసుకునేవారు. 1984లో ఇక్కడికి రైళ్లు రావడం ఆగిపోయింది. పైన ఉన్న ఆ పెద్ద రైలు షెడ్డు ఇప్పుడు 1993లో ప్రారంభమైన పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్‌లో గ్రాండ్ హాల్‌గా మారింది.

మార్కెట్‌ను నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. ఇక్కడి సుమారు ఎనభై మంది వర్తకులు స్వతంత్రులు, గొలుసు దుకాణాలకు ఇందులో చోటు ఉండదు. వండిన ఆహారం అమ్మేవారి నుంచి ఎక్కువ అద్దె వసూలు చేసి, కూరగాయలు, చేపలు, మాంసం అమ్మేవారికి తక్కువ అద్దెకు జాగా ఇచ్చే పద్ధతిని యాజమాన్యం పాటిస్తుంది. మీరు సాండ్‌విచ్ కోసం నిలబడిన వరుసను ఒరుసుకుంటూ ఒక పెద్దావిడ చక్రాల సంచిలో తోటకూర వేసుకుని వెళ్తున్నారంటే, ఆ అద్దె పద్ధతి పని చేస్తున్నదన్నమాట. ఆవిడకు దారి ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, ఆ దారి మొదట ఆవిడదే.

అపోహ: ఇంత రద్దీ ఉందంటే నిర్వహణ సరిగా లేదని అర్థం.

వాస్తవం: రద్దీకి కారణాలు గోడల బయట ఉన్నాయి. పక్కనే జెఫర్సన్ స్టేషన్, తలుపు దాటితే కన్వెన్షన్ సెంటర్, ఫిల్బర్ట్ స్ట్రీట్ మీద క్రిమినల్ కోర్టు, నాలుగడుగులు వేస్తే సిటీ హాల్ ఉన్నాయి. పనిరోజుల్లో మధ్యాహ్నం కోర్టుకు విరామం ఇవ్వగానే జ్యూరీ విధికి, అంటే కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందంలో కూర్చోవడానికి, పిలిపించిన నగరవాసులు గుంపుగా వస్తారు, వీరికి అరగంటలో తినేసి వెనక్కు వెళ్లాలన్న తొందర ఉంటుంది. కన్వెన్షన్ సెంటర్‌లో పెద్ద సభ ఉన్న రోజున విరామ సమయం ప్రకటించిన పది నిమిషాల్లో నడవాలు నిండిపోతాయి. 2023 జులై 7 నుంచి 9 వరకు తానా మహాసభలు జరిగింది ఆ భవనంలోనే కనుక, పట్టుచీరలు కట్టుకుని ప్రెట్‌జెల్ అనే మెలితిప్పిన రొట్టె కోసం వరుసలో నిలబడడం ఎలా ఉంటుందో ఆ సభలకు వచ్చిన పాఠకులలో కొందరికి స్వయంగా తెలిసే ఉంటుంది. అందుచేత బయలుదేరే ముందు వాతావరణం చూసుకున్నట్టే కన్వెన్షన్ సెంటర్ కార్యక్రమాల పట్టికను కూడా ఒకసారి చూసుకోమని నేను అందరికీ చెబుతాను. నన్నడిగితే పనిరోజున ఉదయం పదింటికి రావడం అన్నిటికన్నా ఉత్తమం. శనివారం మధ్యాహ్నం పన్నెండుకు చంటిపిల్లల బండితో రావడం అన్నిటికన్నా కష్టం.

అపోహ: పొడవైన వరుస ఎక్కడ ఉంటే అక్కడ రుచి బాగుంటుంది, పొట్టి వరుసలో పని త్వరగా అవుతుంది.

వాస్తవం: ఈ రెండు మాటలనూ నేను దాదాపు ప్రతి బృందం దగ్గరా వింటాను, రెండూ నిలబడవు. వరుసలో ఎంత సేపు నిలబడాలన్నది ముందున్న మనుషుల సంఖ్య ఒక్కదాని మీదనే ఆధారపడదు, ఒక్కొక్కరికి పట్టే సమయాన్ని కూడా దానితో గుణించాలి. బైలర్స్ డోనట్ల దగ్గర వరుస మూల తిరిగి పోతుంది గానీ, వేయించి పాకం పూసిన సరుకు పళ్లాలలో సిద్ధంగా ఉంటుంది కనుక అమ్మాయి పెట్టెలో పెట్టి డబ్బు తీసుకోవడమే మిగిలిన పని. ఒక్కొక్కరికి అర నిమిషం వేసుకున్నా, ముందు ఇరవై మంది ఉంటే పది నిమిషాల్లో మీ వంతు వస్తుంది. అదే పెనం మీద అప్పటికప్పుడు వండే చోట ముందు ఆరుగురే ఉన్నా, అందులో ఒకరు ఆఫీసులో పదిమందికి కలిపి కాగితం మీద రాసుకొచ్చి ఉంటే మీ మధ్యాహ్నం అక్కడే గడిచిపోతుంది. కాబట్టి తలలు లెక్కపెట్టే బదులు రెండు నిమిషాల పాటు కౌంటర్ అవతలి చేతులను గమనించండి. ఎంతమంది పని చేస్తున్నారు, డబ్బు తీసుకునేవారూ వండేవారూ వేరువేరా, వస్తువు ముందే తయారై ఉందా అన్నవి చూస్తే ఎంత సేపు పడుతుందో అక్కడే తెలిసిపోతుంది.

రుచి సంగతికి వస్తే, వరుస పొడవులో రుచి వాటా ఎంతో, ప్రచారం వాటా ఎంతో విడదీయడం కష్టం. డినిక్స్ వారి రోస్ట్ పోర్క్ సాండ్‌విచ్‌ను 2012లో ఒక టీవీ కార్యక్రమం అమెరికాలోనే ఉత్తమమైనదిగా ఎంపిక చేసింది, ఆ పేరు ఇప్పటికీ జనాన్ని తెచ్చిపెడుతోంది. అక్కడి వాళ్ల పనితనం చూడదగినదేనన్న మాట నిజం. పలుచగా కోసిన మాంసాన్ని వేడి రసంతో సహా రొట్టెలో పెట్టి, ఘాటైన ప్రొవలోన్ చీజ్, చేదుగా ఉండే బ్రాకలీ రాబ్ ఆకు వేసి కాగితంలో బిగించి ఇచ్చేస్తారు, అంతా క్షణాల మీద జరిగిపోతుంది. అయితే ముందు నిలబడిన మనిషి ఏ చీజ్ కావాలో అప్పుడు ఆలోచించడం మొదలుపెడితే ఆ వేగం ఎందుకూ పనికిరాదు. మీ వంతు వచ్చేలోగా ఏం కావాలో తేల్చుకుని ఉండడం వెనక ఉన్నవారికి మీరు చేయగల పెద్ద ఉపకారం.

అపోహ: ముందు ఒకరు బల్ల పట్టుకుని కూర్చుంటే మిగతావారు నింపాదిగా తెచ్చుకోవచ్చు.

వాస్తవం: పెళ్లి పంతిలో చేతిరుమాలు వేసి చోటు ఆపే అలవాటు మనకు ఉంది, అది ఇక్కడ చెల్లదు. కారణం కేవలం మర్యాదకు సంబంధించినది కూడా కాదు. ఒక మనిషి తినడానికి ఇరవై నిమిషాలు పడుతుందనుకుంటే ఒక కుర్చీ గంటలో ముగ్గురికి సరిపోతుంది. అదే ముందుగా ఇరవై నిమిషాలు సంచి పెట్టి ఆపితే, ఆ కుర్చీ గంటకు ఒకరిన్నర మందికే అందుతుంది. అందరూ అలాగే చేస్తే హాలులో కుర్చీలు సగానికి తగ్గినట్టే లెక్క. ఆహారం చేతిలోకి వచ్చాక వెతకడం మొదలుపెడితే, చూడడానికి నిండుగా ఉన్న చోట కూడా ఏదో ఒక బల్ల ఖాళీ అవుతూనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని కూర్చోబెట్టడం దీనికి మినహాయింపు, దానిని ఎవరూ తప్పుపట్టరు. బల్లలు ఉమ్మడివి కనుక ఆరుగురికీ ఒకే చోట దొరకాలని పట్టుబట్టకుండా ముగ్గురేసి చొప్పున సర్దుకోవడం మేలు.

అపోహ: శాకాహారులకు అక్కడ తినడానికి ఏమీ ఉండదు. ఈ అపోహకు కవల ఒకటి ఉంది: మాంసం కనిపించకపోతే చాలు, అది శాకాహారమే.

వాస్తవం: మొదటిది నిరాశ మాత్రమే కలిగిస్తుంది, రెండవది నిజంగా ఇబ్బంది పెడుతుంది. మిల్లర్స్ ట్విస్ట్ వద్ద పిండిని తాడులా సాగదీసి, మెలితిప్పి, కాల్చి, వేడి మీద వెన్న పూసే ప్రెట్‌జెల్‌ను కళ్ల ముందే చూసి తీసుకోవచ్చు, వెన్న వద్దంటే పూయకుండా ఇస్తారు. కమల్స్ దుకాణంలో ఫలాఫెల్ అనే శనగల వడలు, హమ్మస్ అనే శనగల ముద్ద వంటి పశ్చిమాసియా వంటకాలు దొరుకుతాయి. 1861 నాటి బాసెట్స్ ఐస్‌క్రీమ్ ఈ మార్కెట్‌కు అందరికంటే పాత అద్దెదారు. పళ్ల దుకాణాలు సరేసరి.

ఇక జాగ్రత్తల మాట. అమెరికాలో శాకాహారి అన్నప్పుడు గుడ్డు, పాలు తింటారనే అర్థం చేసుకుంటారు. డోనట్లలోనూ కేకులలోనూ గుడ్డు ఉంటుంది. జర్మన్ మాట్లాడే వలసదారుల వారసులైన పెన్సిల్వేనియా డచ్ వారి సంప్రదాయపు వంటలో పంది కొవ్వు వాడకం పాతకాలం నుంచి ఉన్నది కాబట్టి ‘పై’ అనే, లోపల కూరు పెట్టి కాల్చే వంటకపు పిండి అంచు గురించి, బిస్కెట్ల గురించి అడిగి తెలుసుకోవడం అవసరం. ఉదయపు పలహారంలో గోధుమరంగులో వేగి వచ్చే స్క్రాపుల్ అనే ముక్కలను మొక్కజొన్న పిండి వంటకమనుకుని తీసుకునే ప్రమాదం ఉంది. అందులో మొక్కజొన్న పిండి ఉన్న మాట నిజమే గానీ, దానిని ఉడికించేది పంది మాంసపు ముక్కలతో. వేయించిన పదార్థాల విషయంలో అదే నూనెలో ఇంకేమి వేయించారో, పెనం మీద చేసే వాటి విషయంలో అదే పెనం మీద ఇంకేమి కాల్చారో అడగాలి. “ఇది శాకాహారమా” అని మీరు అడిగితే చాలామంది అవుననే అంటారు. ఇందులో గుడ్డు ఉందా, పంది కొవ్వు ఉందా, నూనె వేరేనా అని ఒక్కొక్కటిగా అడిగితేనే పనికొచ్చే జవాబు వస్తుంది. అలా అడిగితే విసుక్కుంటారేమోనని మొహమాటపడనక్కరలేదు, ఇక్కడి వర్తకులకు ఆ ప్రశ్నలు అలవాటే.

అపోహ: బోర్డు మీద రాసిన ధర ఒకటి, తీసుకునేది మరొకటి, కొత్తవారిని మోసం చేస్తున్నారు.

వాస్తవం: తేడా పన్నులది. ఫిలడెల్ఫియాలో అమ్మకం పన్ను మొత్తం 8 శాతం, ఇందులో 6 రాష్ట్రానిది, 2 నగరానిది. తినడానికి సిద్ధంగా చేసి ఇచ్చిన సాండ్‌విచ్ మీద అది పడుతుంది, ఇంటికి తీసుకువెళ్లి వండుకునే కూరగాయల మీద పడదు. తీపి శీతల పానీయాల మీద 2017 నుంచి నగరం ఔన్సుకు ఒకటిన్నర సెంట్ల పన్ను విధిస్తోంది. వర్తకులు దానిని సాధారణంగా ధరలో కలిపేస్తారు కాబట్టి, ఇరవై ఔన్సుల సీసా న్యూజెర్సీలో కంటే ముప్పై సెంట్లు ఎక్కువ కావడంలో వింత లేదు. చెల్లింపు విషయంలో కూడా ఒక సంగతి చెప్పాలి. 2019 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నగర చట్టం ప్రకారం ఇక్కడి దుకాణాలు చాలావరకు నగదును నిరాకరించకూడదు. ఇండియా నుంచి వచ్చి, అమెరికా కార్డు లేని పెద్దవారి చేతిలో ఇరవై డాలర్ల నోటు ఉంటే చాలు, ఎవరి మీదా ఆధారపడకుండా తమకు కావలసింది తాము కొనుక్కోవచ్చు.

అపోహ: జనం ఎక్కువగా ఉన్న దుకాణంలో ఆహారం తప్పకుండా శుభ్రంగా ఉంటుంది.

వాస్తవం: సరుకు త్వరగా చెల్లిపోవడం మంచిదే, అయినా శుభ్రత దాని మీద ఆధారపడదు. అమెరికా ఆహార నియమావళి ప్రకారం వేడిగా ఉంచవలసినది 57 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు, చల్లగా ఉంచవలసినది 5 డిగ్రీలు దాటకూడదు. న్యూయార్క్‌లో లాగా కిటికీకి అంటించిన ఏ, బీ, సీ అక్షరాలు ఇక్కడ కనిపించవు. నగర ఆరోగ్య శాఖ తనిఖీ నివేదికలు మాత్రం ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు.

అపోహ: ఆదివారం సాయంత్రం అమెరికా స్వాతంత్ర్యానికి గుర్తైన లిబర్టీ బెల్ గంటను చూసుకుని, రాత్రి భోజనానికి మార్కెట్‌కు వెళ్తే సరిపోతుంది.

వాస్తవం: ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులు ఉన్నాయి. లాంకాస్టర్ కౌంటీ నుంచి వచ్చే ఆమిష్ (పాతకాలపు జీవన పద్ధతిని పాటించే క్రైస్తవ శాఖ), పెన్సిల్వేనియా డచ్ వర్తకులు ఆదివారం దుకాణాలు తెరవరు, కొందరికి సోమవారం కూడా సెలవే. ప్రెట్‌జెల్, డోనట్, వారి వంటశాలలోని పాన్‌కేకుల కోసం ఆదివారం వచ్చినవారు మూసిన తెరలు చూసి వెళ్లవలసి వస్తుంది. మరొక సంగతి: ఆమిష్ వారిలో చాలామంది తమ ముఖాలను ఫొటో తీయడాన్ని మత విశ్వాసాల రీత్యా ఇష్టపడరు. పిండి తిప్పే చేతులను తీయాలన్నా ఒక మాట అడిగి తీయడం సభ్యత. ఇక వేళల విషయానికి వస్తే, మార్కెట్ ఉదయం ఎనిమిదింటికి తెరిచి సాయంత్రం ఆరింటికి మూసేస్తుంది. ఐదు దాటేసరికి పెనాలు గీకి కడిగేవారు, మిగిలిన సరుకును లోపల సర్దేవారు కనిపిస్తారు, చాలా చోట్ల అప్పటికి కావలసింది అయిపోయి ఉంటుంది కూడా. కనుక క్రమాన్ని తారుమారు చేసుకోండి. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వచ్చేవారు ట్రెంటన్‌లో రైలు మారి, ఫిలడెల్ఫియా ప్రాంత రవాణా సంస్థ సెప్టా నడిపే రైలులో జెఫర్సన్ స్టేషన్‌లో దిగితే మార్కెట్ ఎదురుగానే ఉంటుంది. అక్కడ పలహారం ముగించుకుని, తూర్పుగా ఆరు వీధులు నడిస్తే లిబర్టీ బెల్ దగ్గరికి చేరతారు. సాయంత్రం తిరుగు రైలు ఎక్కే ముందు, ఆరు కాకముందే, ఇంటికి కావలసిన కూరగాయలు ఇక్కడే తీసుకోవచ్చు.