మీ బిడ్డతో మీ భాషలోనే మాట్లాడండి: ఆటిజం, మాటల ఆలస్యం గురించి అపోహలు - వాస్తవాలు

గత నెలలో ఒకే వారంలో ముగ్గురు తల్లులు నా దగ్గర ఒకే మాట అన్నారు. "మేడమ్, ఇంట్లో తెలుగు పూర్తిగా మానేశాం, ఇంగ్లీషే మాట్లాడుతున్నాం, అయినా బాబుకి మాటలు రావట్లేదు." ఆ సలహా ఒకరికి ప్లేస్కూల్ టీచర్ ఇచ్చారట, ఇంకొకరికి అమెరికాలో ఉన్న ఆడపడుచు, మూడో ఆవిడ వాట్సాప్ గ్రూపులో చదివారట. స్పీచ్ థెరపిస్ట్‌గా ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న అపోహ ఇదే, పిల్లలకు ఎక్కువ నష్టం చేసిందీ ఇదే.

అపోహ: ఆటిజం ఉన్న పిల్లలు రెండు భాషలు వింటే తికమకపడతారు, ఒక్క ఇంగ్లీషే మాట్లాడాలి.

వాస్తవం: తికమకపడరు. 2012లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు హాంబ్లీ, ఫాంబోన్ ఆటిజం ఉన్న 75 మంది పిల్లల భాషను పరిశీలించారు. రెండు భాషల మధ్య పెరుగుతున్నవాళ్లు ఒకే భాష వింటున్నవాళ్ల కంటే ఏమీ వెనకబడి లేరు. అదే ఏడాది అదే దేశంలో, చైనీస్, ఇంగ్లీషు రెండూ వచ్చిన 14 మందిని ఇంగ్లీషు మాత్రమే వచ్చిన 14 మందితో పోల్చినప్పుడు కూడా రెండు భాషల వల్ల నష్టం కనిపించలేదు. చిన్న అధ్యయనాలే, కానీ తర్వాత వచ్చినవి కూడా ఇదే వైపు చూపిస్తున్నాయి.

అసలు మాట ఎలా వస్తుందో ఆలోచించండి. చంకనెత్తుకుని చందమామను చూపిస్తూ బువ్వ పెడతాం. బిడ్డ మన వేలు చూసి, అది చూపించే వైపు చూసి, మళ్లీ మన మొహం చూస్తాడు. ఈ కలిసి చూడడమే మాటకు పునాది, ఆటిజంలో కష్టమయ్యేదీ ఇదే. ఆ కష్టం ఉన్న బిడ్డకు అమ్మ నోట సహజంగా వచ్చే మాటలు, జోల, లాల, జేజ, బుజ్జగింపు అన్నీ తీసేసి "వాట్ కలర్? సిట్. నో" మిగిలిస్తే వాడు దేన్ని పట్టుకోవాలి?

ఒక మూడున్నరేళ్ల బాబు గుర్తొస్తున్నాడు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు, అమ్మమ్మ పెంచుతోంది. ఇంగ్లీషే మాట్లాడాలన్నారని ఆవిడ మనవడితో మాట్లాడటమే మానేసింది. "నాకు ఇంగ్లీషు రాదమ్మా, అందుకే టీవీ పెట్టి కూర్చోబెడుతున్నా" అని నా ముందు కళ్లు తుడుచుకుంది. బాబుకి రెడ్, ట్రయాంగిల్, ఎలిఫెంట్ అన్నీ వచ్చు, దాహమేస్తే మాత్రం చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఏడవడమే. అమ్మమ్మను మళ్లీ మాట్లాడమన్నాం. రెండు నెలలకు వాడు గ్లాసు పట్టుకుని "నీళ్లు కావాలా?" అన్నాడు. తండ్రికి మళ్లీ టెన్షన్, "నీళ్లు కావాలి" అనాల్సింది తిరగేసి మనం అడిగినట్టే అంటున్నాడే అని. అది పనికిరాని చిలకపలుకు కాదండీ, అమ్మమ్మ రోజూ అడిగే మాటనే దాచుకుని తన అవసరానికి వాడుతున్నాడు. ఇలాంటప్పుడు తిట్టకుండా, వాడు అనాల్సిన మాటను వాడి తరఫున మనమే "నీళ్లివ్వు" అని అంటూ ఇస్తే సరిపోతుంది. ఆ బాబుకి ఇంకా చాలా కష్టాలున్నాయి, థెరపీ నడుస్తోంది, కానీ దాహానికి ఏడవడం లేదు.

కొత్తగా ప్రాక్టీస్ మొదలుపెట్టినప్పుడు ఒక సీనియర్ చెప్పారని నేనూ రెండు మూడు కుటుంబాలకు ఈ తప్పు సలహానే ఇచ్చాను. ఆ పిల్లలు ఇప్పటికీ గుర్తొస్తారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే మాటలు రావు, దయచేసి ఆపండి. నాలుక కింద నరం కోయించినా ఆటిజం పిల్లలకు మాటలు రావు. టీకాల వల్ల ఆటిజం అన్న 1998 నాటి పేపర్ 12 మంది పిల్లల మీద రాసింది, 2010లో పత్రికే వెనక్కి తీసుకుంది, 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందిని చూసినా సంబంధం కనబడలేదు, ఇంకా ఎన్నేళ్లు దీని గురించి మాట్లాడాలో! కావాల్సింది చూపించి అడగడానికి బొమ్మల కార్డులు ఇస్తే మాట్లాడటానికి బద్ధకిస్తారన్నది కూడా అబద్ధం, కార్డులతో మాట పెరిగిన పిల్లలే ఎక్కువ. మీ పెంపకం వల్ల, మీరు ఉద్యోగానికి వెళ్లడం వల్ల ఆటిజం రాలేదు, ఈ మాట ఎవరన్నా మనసులో పెట్టుకోకండి.

"ఐదేళ్లు దాటాయి, ఇక రావు" అని భయపడేవాళ్లకు ఒక్కటి చెప్పాలి. నాలుగేళ్లకు మాటలు బాగా వెనకబడిన 535 మంది ఆటిజం పిల్లల వివరాలు 2013లో అమెరికాలో చూస్తే, ఎనిమిదేళ్లకో ఆ తర్వాతో 70 శాతం మంది చిన్న వాక్యాల దాకా వచ్చారు, దాదాపు సగం మంది ధారాళంగా మాట్లాడారు. అలాగని "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అంటూ కూర్చోవద్దు. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, వేలితో చూపించకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా డాక్టరుకు చూపించండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. ప్రైవేటుకు వెళ్లే స్తోమత లేకపోతే జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) గురించి అడగండి, హైదరాబాద్ దగ్గరైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు, స్నానం చేయిస్తూ, అన్నం పెడుతూ మీకు వచ్చిన భాషలోనే మాట్లాడుతూ ఉండండి. ఇంట్లో అమ్మమ్మలు, నానమ్మలు ఉంటే వాళ్లనూ మాట్లాడనివ్వండి.