నిరుద్యోగం తగ్గిందంట కదా, ఇంక భయం లేనట్టేనా? - అపోహలు, వాస్తవాలు

నిన్న మధ్యాహ్నం ధర్మవరం దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన మా ఆఫీసుకి వచ్చినాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో కొడుకు ఆఫర్ లెటర్, దాని కిందే హోమ్‌లోన్ శాంక్షన్ పేపర్లు. "సార్, నిరుద్యోగం బాగా తగ్గిందని పేపర్లో రాసినారు, ఇంగ మావోడికి అయిదారేళ్ళు డోకా లేనట్టే కదా, సంతకం పెట్టేయమంటారా?" అని అడిగినాడు. అనంతపురంలో మ్యాన్‌పవర్ కన్సల్టెన్సీ పెట్టి పద్దెనిమిదేళ్ళు దాటింది, ఈ ప్రశ్న వారానికి ఒకసారన్నా వింటా. అందుకే రాస్తున్నా.

అపోహ: నిరుద్యోగం రేటు తక్కువుంటే మంచిరోజులు ఇంకా చాలా కాలం ఉంటాయి.

కుటుంబాల్ని ముంచేది ఇదే. నిరుద్యోగం రేటు ఇప్పటిదాకా జరిగింది చెప్తుంది, ముందు జరగబోయేది చెప్పదు. అమెరికా లెక్కలే చూడండి, మన ఐటీ ఎగుమతుల ఆదాయంలో సగానికి పైగా అక్కడి నుంచే వస్తుంది కాబట్టి మన పిల్లల ఉద్యోగాలకి ఆ లెక్కలు అవసరం. 1969 చివర్లో అక్కడ నిరుద్యోగం 3.5 శాతం, ఆ డిసెంబర్ నుంచే మాంద్యం (రిసెషన్, అంటే వ్యాపారాలు, ఉత్పత్తి తగ్గిపోయే కాలం). 2000లో 4 శాతం దగ్గరుంది, 2001 మార్చిలో మాంద్యం. 2007 మేలో 4.4, అదే ఏడాది డిసెంబర్లో మాంద్యం మొదలైంది, 2009 అక్టోబర్‌కి 10 శాతం. ఇంకో మాట, ఆ 2007 డిసెంబర్లో మొదలైన మాంద్యాన్ని అక్కడి నిపుణుల కమిటీ అధికారికంగా ప్రకటించింది 2008 డిసెంబర్లో, అంటే ఏడాది తర్వాత!

ఎందుకిట్లా అంటే, ఏ కంపెనీ కూడా ఆర్డర్లు తగ్గంగానే మనుషుల్ని తీసేయదు. ముందు ఓవర్‌టైమ్ ఆపుతారు, తర్వాత మానేసిపోయినోడి సీట్లో కొత్తోడిని పెట్టరు, తర్వాత జాయినింగ్ డేట్లు జరుపుతారు, తర్వాత కాంట్రాక్ట్ వాళ్ళు, ఆఖరికి పర్మనెంట్ వాళ్ళు. నిరుద్యోగం లెక్కల్లో ఇది కనపడేసరికి సగం కథ అయిపోయుంటుంది. నాకైతే లెక్కల కంటే ముందు క్యాంటీన్ కాంట్రాక్టర్ చెప్తాడు. పెనుకొండ వైపు విడిభాగాల యూనిట్లకి భోజనాలు సప్లై చేసే మా తెలిసినాయన ఒకసారి ఫోన్ చేసి "అన్నా, నైట్ షిఫ్ట్ ప్లేట్లు నాలుగు వందల నుంచి రెండొందల యాభైకి వచ్చినాయి" అన్నాడు. రెండు నెలలకి ఆ యూనిట్లో కాంట్రాక్ట్ పిల్లోళ్ళు నా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు.

మన దేశం లెక్కల్లో ఇంకో చిక్కుంది. వారం లెక్కలో అయితే ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా ఉద్యోగం ఉన్నట్టే. బెంగళూరులో ఉద్యోగం పోయి ఊరికొచ్చి నాయన శెనిక్కాయ చేలో జీతం లేకుండా చేయి కలిపినోడు కూడా పనిలో ఉన్నోడే. 2023-24 ప్రభుత్వ కార్మిక సర్వేలో, వారం కాకుండా ఏడాది మొత్తం చూసే 'మామూలు స్థితి' లెక్కన నిరుద్యోగం 3.2 శాతం అని వచ్చింది, ఆ అంకె అబద్ధం కాదు, కానీ మీవాడి ఈఎంఐకి అది గ్యారంటీ కాదు.

2008లో నేనూ ఈ తప్పు చేసినా. కళ్యాణదుర్గం వైపు అబ్బాయికి ఆఫర్ వస్తే వాళ్ళ నాయనతో "మార్కెట్ బ్రహ్మాండంగా ఉంది, భయపడొద్దు" అన్నా. ఆయన వడ్డీకి తెచ్చి మేడ మొదలుపెట్టినాడు. జాయినింగ్ జులై అన్నారు, అక్టోబర్ అన్నారు, జనవరి అన్నారు, తర్వాత మెయిల్‌కి జవాబే లేదు. ఆ ఇంటికి స్లాబ్ పడలా, పిల్లర్ల పైన ఇనుప కడ్డీలు తుప్పు పట్టి చాన్నాళ్ళు అట్లే నిలబడినాయి. ఆ దారిన పోయినప్పుడల్లా నేను తల తిప్పుకునేవాడిని.

అపోహ: వచ్చే నెల రిసెషన్ గ్యారంటీ, వాట్సాప్‌లో వచ్చింది.

దయచేసి ఇవి ఫార్వర్డ్ చెయ్యొద్దు! చదువుకున్నోళ్ళు నమ్మే గట్టి సూచికలే తప్పినాయి. అమెరికాలో 2022లో బాండ్ల వడ్డీలు తలకిందులైనాయి (తక్కువ కాలం బాండ్లకి ఎక్కువ కాలం బాండ్ల కంటే వడ్డీ ఎక్కువైంది, దీన్ని మాంద్యానికి గుర్తు అంటారు), 2024 జులై లెక్కలకి నిరుద్యోగం పెరుగుదల చూసే సామ్ రూల్ కూడా గంట కొట్టింది, అయినా అప్పుడు మాంద్యం రాలేదు. ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన పిల్ల, ఉద్యోగంలో కొత్తగా చేరిన కొడుకు ఉన్నోళ్ళు ఈ మెసేజ్‌లు చూసి నిద్ర పోవట్లేదు, వాళ్ళ బాధ నాకు తెలుసు.

అపోహ: చాలా ఏళ్ళు బాగుంది కాబట్టి ఇంక పడాల్సిందే.

కాదు. ఆస్ట్రేలియా 1991 నుంచి 2020 దాకా మాంద్యం లేకుండా నడిచింది. వయసైపోయి ఏదీ పడదు, వడ్డీలు పెంచడమో, బ్యాంకులు దెబ్బతినడమో, కరోనా లాంటిదో కారణం ఉంటుంది.

అపోహ: జీడీపీ పెరిగితే ఉద్యోగాలు అంతే పెరుగుతాయి. ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు చూడండి, ఇట్లాంటి చోట పానెళ్ళు బిగించేటప్పుడు జనం కావాలి, కరెంటు మొదలైనాక కొద్దిమంది చాలు.

పెద్దాయన సంగతికొస్తే, లోన్ వద్దని నేను చెప్పలా. అక్కడే కొడుక్కి ఫోన్ చేయించి మూడు అడిగించినా. జాయినింగ్ డేట్ లెటర్లో ఉందా, పోయినేడు సెలెక్ట్ అయిన సీనియర్లలో ఎంతమంది చేరినారు, ఆ టీమ్‌లో మానేసినోళ్ళ చోట కొత్తోళ్ళని తీసుకుంటున్నారా. మూడోది వాడికి తెలీదు. డేట్ లేదు. సీనియర్లు పన్నెండు మందిలో అయిదుగురే చేరినారంట. ఆరు నెలలు జీతం రాకపోతే ఈఎంఐ ఎట్లా కడతారని అడిగితే ఆయన కొంచెం సేపు ఆలోచించి, "ఆవులు రెండుండాయి సార్, అవి అమ్మాల్సిందే" అన్నాడు. తర్వాత పేపర్లు మళ్ళీ కవర్లో పెట్టుకున్నాడు. శాంక్షన్ ఎన్నాళ్ళు చెల్లుతుందో బ్యాంకులో కనుక్కుని, వాడు చేరి మొదటి జీతం తీసుకున్నాక వస్తానని చెప్పి మూడున్నర బస్సుకి పోయినాడు.