సాయం అడగడం కూడా ఒక నేర్పే

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో యాభై, అరవై ఏళ్ళు దాటాక మళ్ళీ పిల్లల్ని పెంచే పని మీదపడ్డ ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. కొడుకో కూతురో మత్తుమందులకు అలవాటుపడి, జైలుకెళ్ళి, లేదా జబ్బున పడి ఇల్లు చూసుకోలేని స్థితికి వస్తే పసివాళ్ళు చేరేది అమ్మమ్మ దగ్గరికో నాయనమ్మ దగ్గరికో. క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ప్రొఫెసర్ కేరల్ మ్యూసిల్, ఆవిడ బృందం ఒహాయోలోని 485 మంది అమ్మమ్మలు, నాయనమ్మల బాగోగులు రెండేళ్ళ పాటు అడుగుతూ వచ్చారు. వాళ్ళలో మనవల్ని పూర్తిగా తామే పెంచుతున్నవాళ్ళు ఉన్నారు, పిల్లలతో ఒకే ఇంట్లో ఉంటూ మనవలకు తలా ఒక చెయ్యి వేస్తున్నవాళ్ళు ఉన్నారు, ఆ బాధ్యత లేనివాళ్ళూ ఉన్నారు. 2011లో ఫలితాలు వచ్చాయి. పూర్తి భారం మోస్తున్నవాళ్ళలోనే ఒత్తిడి ఎక్కువ, దిగులు ఎక్కువ, ఒంట్లో ఓపిక తక్కువ. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. నేను మళ్ళీ మళ్ళీ చదివిన సంగతి వేరే ఉంది. తమకు అండగా నలుగురు ఉన్నారన్న భావన కూడా వాళ్ళకే అందరికన్నా తక్కువ. ఎవరికి సాయం ఎక్కువ కావాలో వాళ్ళకే అది అందడం లేదన్నమాట.

ఎందుకు అందడం లేదు? చుట్టూ మనుషులు లేకనా, లేక ఉన్నవాళ్ళని అడగలేకనా? ఈ ప్రశ్న పట్టుకుని ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి అదే నర్సింగ్ స్కూల్లోని జాక్లీన్ జౌస్నెవ్‌స్కీ.

ఆవిడ ఆలోచనకు మూలం ఇజ్రాయెల్‌లో ఉంది. 1980లో మైఖేల్ రోజెన్‌బామ్ అనే మనస్తత్వవేత్త 36 వాక్యాలతో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. కష్టం వచ్చినప్పుడు మనిషి తన మనసుకు తాను ఎలా సర్ది చెప్పుకుంటాడు, పనిని ఎలా ముక్కలు చేసుకుని పూర్తిచేస్తాడు, తక్షణ సుఖాన్ని ఎంతవరకు వాయిదా వేయగలడు, ఇవీ అందులో అడిగేవి. ఇందులో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళు మంచులాంటి చల్లటి నీళ్ళలో చెయ్యి ఎక్కువసేపు ఉంచగలిగారని కూడా అతను చూపించాడు. అయితే ఇదంతా ఒంటరిగా నెట్టుకొచ్చే నేర్పు. ముసలివాళ్ళతో పనిచేసే నర్సుకు ఇది సగమే అని తెలుస్తుంది. మోకాళ్ళు పట్టేసిన మనిషి మనసుని ఎంత అదుపులో పెట్టుకున్నా నీళ్ళ బిందె ఎత్తలేదు కదా. అందుకని జౌస్నెవ్‌స్కీ బృందం 2006లో పెద్దవాళ్ళ కోసం 28 వాక్యాల కొలమానం ఒకటి తెచ్చింది. వాటిలో 16 సొంతంగా చక్కబెట్టుకోవడం గురించి, 12 ఇంకొకరిని అడగడం గురించి. 

సాయం అడగడాన్ని బలహీనతగా కాక ఒక నేర్పుగా లెక్కగట్టడం నాకు ఈ పరిశోధన మొత్తంలో అన్నిటికన్నా విలువైన విషయంగా తోస్తుంది. నేర్పు అయితే నేర్పించవచ్చు కూడా. మ్యూసిల్, జౌస్నెవ్‌స్కీ కలిసి ఆ పనే చేశారు. మనవల్ని పెంచుతున్న అమ్మమ్మలకు ముందు కొన్ని మెలకువలు చెప్పారు. ఇంట్లోవాళ్ళ మీద ఎలా ఆధారపడాలి, తెలిసినవాళ్ళని సలహా ఎలా అడగాలి, రోజు పనులు ఎలా సర్దుకోవాలి, మనసులో తనతో తాను మాట్లాడుకునే మాటలు ఎలా మార్చుకోవాలి వగైరా. తర్వాత నాలుగు వారాలు వాటిని ఇంట్లో వాడి చూసి, ఆ సంగతి రోజూ డైరీలో రాయమన్నారు. కొందరు రాసే బదులు చిన్న వాయిస్ రికార్డర్‌లో చెప్పుకున్నారు. ప్రాథమిక ఫలితాల్లో ఈ శిక్షణ తీసుకున్నవాళ్ళకు ఒత్తిడి, దిగులు తగ్గాయి. మందు లేదు, పెద్ద ఖర్చూ లేదు. పిల్లల్ని పడుకోబెట్టాక రికార్డర్‌లో పది మాటలు చెప్పుకోవడం ఎంత అలసిన మనిషికైనా సాధ్యమే.

ఇది మన తెలుగు ఇళ్ళకు అంత దూరం విషయమేమీ కాదు. అమ్మాయి పురుడుకి అమ్మ ఆరు నెలలు అమెరికా వెళ్ళడం, ఆవిడ తిరిగి రాగానే అత్తగారు బయల్దేరడం మనకు మామూలైపోయింది. వీళ్ళది ఒహాయో అమ్మమ్మల కష్టంతో సమానం అనను. పిల్లల తల్లిదండ్రులు ఇంట్లోనే ఉంటారు, ప్రేమ ఉంటుంది. కానీ కారు నడపడం రాదు, బయట మంచు, పగలంతా నెలల పాపతో నాలుగు గోడల మధ్య, ఇక్కడ పక్కింటి పిన్నితో గోడ మీదుగా మాట్లాడుకున్న మనిషి. "ఎలా ఉన్నావమ్మా?" అని ఇండియా నుంచి ఫోన్ వస్తే "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. కూతురు ఆఫీసు టెన్షన్‌లో ఉంది, ఎందుకులే దానికి ఇంకో తలనొప్పి అనుకుంటుంది.

బాగానే ఉన్నాను అన్న మాట వెనక ఏముందో తెలుసుకోవడానికి నర్సింగ్ పరిశోధకులు వాడే సాధనాలు కొన్ని ఉన్నాయి. అన్నిటిలో పేరున్నది వృద్ధుల కుంగుబాటు స్కేల్, జీడీఎస్ అంటారు. 1980ల మొదట్లో జెరోమ్ యెసవాజ్ బృందం 30 ప్రశ్నలతో చేసింది, 1986లో 15కి కుదించారు. జవాబు అవును, కాదు, అంతే. చదువు లేనివాళ్ళని కూడా అడగవచ్చు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అనే ప్రశ్నలు ఇందులో కావాలనే పెట్టలేదు. డెబ్భై ఏళ్ళ మనిషికి నిద్ర చెడటానికి షుగర్, ప్రోస్టేట్, మోకాళ్ళ నొప్పులు ఎన్నో కారణాలుంటాయి. అది దిగులు లక్షణమా కాదా అని తేల్చలేం. దానికి బదులు మీ జీవితం మీకు తృప్తిగా ఉందా, బయటికి వెళ్ళడం కన్నా ఇంట్లో ఉండిపోవడమే నయమనిపిస్తుందా, మీకు దిక్కులేదనిపిస్తుందా అని అడుగుతారు. అయిదు దాటి మార్కులు వస్తే ఇంకా లోతుగా చూడాలని అర్థం.

ఒక చిక్కు ఉంది. ఇంట్లో ఉండిపోవడమే నయమా అని మన పల్లెలో ఒక విధవరాలిని అడిగితే, ఆవిడ అవునంటుంది. అది దిగులు వల్లా, లేక పేరంటానికి, పెళ్ళికి ముందు వరుసలో నిలబడనివ్వరు కాబట్టి వెళ్ళడం మానేసిందా? స్కేల్‌కి తెలియదు. ఎదుట కూర్చున్న నర్సుకి తెలియాలి.

దిగులు లేకపోవడం ఒకటే బాగుండటం కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మనస్తత్వవేత్త కేరల్ రిఫ్ 1989లో మానసిక క్షేమాన్ని ఆరు కోణాల నుంచి కొలవాలని ప్రతిపాదించింది. వాటిలో వయసుతో పెరిగేవి ఉన్నాయి. ఇల్లూ వాకిలీ, చుట్టూ పరిస్థితుల్ని తన చేతిలోకి తెచ్చుకోవడం పెద్దవాళ్ళకే బాగా వస్తుంది. తగ్గేవీ ఉన్నాయి, బతుక్కి ఒక లక్ష్యం ఉందన్న భావన, ఇంకా ఎదుగుతున్నానన్న భావన. మనుషులతో దగ్గరితనం విషయంలో ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా ముందుంటారు. వంట, ఇల్లు అన్నీ చక్కగా నడుపుతూ, అందరితో బాగుంటూ, లోపల మాత్రం "ఇంకా దేనికి?" అనుకునే ఆడవాళ్ళు మనకందరికీ తెలుసు. రిఫ్ కొలతల్లో అది స్పష్టంగా కనిపిస్తుంది.

మన దేశంలో పెద్దవాళ్ళ ఆరోగ్యం మీద 2017-18లో జరిగిన లాసీ సర్వే 45 ఏళ్ళు దాటినవాళ్ళని, వాళ్ళ భార్య లేదా భర్తని కలుపుకుని 72 వేల మందికి పైగా మనుషుల్ని కలిసింది. అరవై దాటినవాళ్ళలో ప్రశ్నల ద్వారా కుంగుబాటు తేలినవాళ్ళు నూటికి 8.3 మంది. డాక్టర్ ఆ జబ్బు ఉందని చెప్పినవాళ్ళు 0.8. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి పేరు కూడా పెట్టని బాధ.

సాయం అడగలేనివాళ్ళలో పెద్దవాళ్ళు ఒక గుంపు. ఇక రెండో గుంపు నర్సింగ్ చదివే అమ్మాయిలు. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఇంటర్ అయ్యాక బీఎస్సీ నర్సింగ్‌లో చేరి, హాస్టల్‌కి వచ్చి, మొదటిసారి వార్డు పోస్టింగ్‌కి వెళ్తుంది. తెల్లవారకుండా లేచి, జుట్టు బిగించి కట్టుకుని, వార్డులో డ్యూటీ దిగేవాళ్ళు రోగుల సంగతులు అప్పజెప్పే హ్యాండోవర్ వింటుంది. బీపీ చూడమంటారు. స్టెతస్కోప్ చెవిలో పెట్టుకుంటే తన గుండె చప్పుడే వినిపిస్తుంది, రోగిది వినిపించదు. మళ్ళీ పెట్టి చూడాలంటే భయం, ఎందుకంటే వెనక ఇన్‌స్ట్రక్టర్ మేడమ్, ముందు రోగి బంధువులు. తైవాన్ పరిశోధకులు నర్సింగ్ విద్యార్థుల ఒత్తిడికి చేసిన స్కేల్ ఆరు వైపుల నుంచి చూస్తుంది: రోగి సంరక్షణ, అసైన్‌మెంట్లు, చాలని జ్ఞానం, వార్డు వాతావరణం, తోటివాళ్ళు, టీచర్లూ స్టాఫ్ నర్సులూ. ఆ చివరిదాన్ని నేర్పేవాళ్ళు శ్రద్ధగా చదవాలి. తప్పు చేశానని చెప్పుకోగలిగే మనిషి వార్డులో ఒక్కరున్నా ఆ అమ్మాయి పరిస్థితి వేరుగా ఉంటుంది. అడిగితే "ఇది కూడా తెలీదా?" అంటారన్న భయంతో అడగకుండా ఉండిపోతే నష్టం ఆమెకే కాదు, మంచం మీదున్న మనిషికి కూడా.

అమ్మమ్మకూ ఈ అమ్మాయికీ కలిసే చోటు ఇదే. ఇద్దరికీ చిన్నప్పటి నుంచి నేర్పింది ఇతరులకు చేయడం. తనకు కావాల్సింది నోరు తెరిచి అడగడం ఎవరూ నేర్పలేదు.

వాళ్ళ గురించి పరిశోధనలో ఎదురయ్యే కష్టమూ ఒకటే. విద్యార్థుల ఒత్తిడి మీద వచ్చే పేపర్లలో చాలా వాటిలో ఫారాలు పంచేది వాళ్ళ సొంత కాలేజీలోని టీచర్లే. ఇంటర్నల్ మార్కులు వేసే మేడమ్ చేతిలోంచి తీసుకున్న కాగితం మీద "నాకు టీచర్ల వల్ల టెన్షన్ వస్తోంది" అని ఏ అమ్మాయి టిక్ పెడుతుంది? ఇంట్లో పెద్దావిడని కూడా అంతే, కోడలు పక్కన నిలబడి వింటుండగా మీకు దిక్కులేదనిపిస్తుందా అని అడిగితే వచ్చే జవాబుకి విలువ లేదు. పేరు రాయించకుండా, బయటి కాలేజీ వాళ్ళ చేత అడిగించాలి. పెద్దావిడతో అయితే వేపచెట్టు కిందో, గుడి అరుగు మీదో ఒంటరిగా కూర్చోవాలి. ఈ జాగ్రత్త తీసుకోని అంకెల్ని నేను పెద్దగా నమ్మను.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే పద్ధతి ఒకటి నర్సింగ్‌లోనే ఉంది. 1963లో రాబర్ట్ బట్లర్ అనే మానసిక వైద్యుడు, ముసలివాళ్ళు పాత సంగతులు తవ్వుకోవడం చాదస్తం కాదు, బతుకుని ఒకసారి సరిచూసుకునే పని అని రాశాడు. బార్బరా హైట్ అనే నర్సు దాన్ని ఒక క్రమంలో పెట్టి, ఇల్లు కదలలేని పెద్దవాళ్ళ దగ్గర వారానికి ఒక గంట చొప్పున ఆరు వారాల పాటు కూర్చుని, మొట్టమొదటి జ్ఞాపకం నుంచి ఇప్పటిదాకా అడుగుతూ వెళ్ళింది. 1988లో వచ్చిన ఆమె అధ్యయనంలో, ఇలా చెప్పుకున్నవాళ్ళకి జీవితం మీద తృప్తి పెరిగింది. ఊరికే వచ్చి కబుర్లు చెప్పి వెళ్ళినప్పుడు అంత రాలేదు. వరుసగా అడగడం, మధ్యలో అడ్డుపడకుండా వినడం అక్కడ తేడా తెచ్చాయి.

మన బీఎస్సీ విద్యార్థులకు కమ్యూనిటీ పోస్టింగ్ ఎలాగూ ఉంటుంది. ఇంటికి వెళ్తారు, న్యూస్ పేపర్ పరిచి దాని మీద బ్యాగ్ పెడతారు, చేతులు కడుక్కుంటారు, బీపీ చూస్తారు, రికార్డులో రాసుకుని వచ్చేస్తారు. అదే ఇంటికి అదే అమ్మాయి ఆరు వారాలు వెళ్ళి, అదే పెద్దావిడ దగ్గర గంటసేపు కూర్చుంటే ఆ గంటకి కూడా రికార్డులో మార్కులు ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్లు ఇది పెట్టాలని నా కోరిక. ఆ అమ్మాయికి తన బామ్మ వయసు మనిషి నోటి నుంచి కష్టం వినడం వస్తుంది, తనకు తెలియనిది అడగడం వస్తుంది. ఆవిడకు వినే మనిషి దొరుకుతుంది.

వెళ్ళేటప్పుడు ఆవిడ ఫోన్‌లో రెండు నంబర్లు సేవ్ చేసి పెట్టాలి. 14567 పెద్దవాళ్ళకు సాయం చేసే హెల్ప్‌లైన్ ఎల్డర్ లైన్, 2017లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత దేశమంతా వచ్చింది. 14416 మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్ టెలీ మానస్, 2022 అక్టోబర్ నుంచి పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడవచ్చు. రెండోది ఆ అమ్మాయి తన ఫోన్‌లో కూడా పెట్టుకోవాలి.