చెరిపేసిన లైన్ బతికే ఉంది

రాత్రి పడుకోబోయే ముందు జూపిటర్ నోట్‌బుక్ (పైథాన్ కోడ్‌ని సెల్స్ అనే ముక్కలుగా రాసి నడిపించే పేజీ) చక్కగా నడిచింది. పొద్దున్న కెర్నెల్‌ని, అంటే వెనక కోడ్ నడిపే ప్రోగ్రాంని, రీస్టార్ట్ చేసి పైనుంచి నడిపిస్తే మూడో సెల్‌లోనే నేమ్‌ఎర్రర్: ఆ పేరే తెలియదంది. ‘రేటు = 18’ అన్న లైన్‌ని ముందురోజు నేనే చెరిపేశాను. తెర మీద పోయింది గానీ పైథాన్ మెమరీలో ఉండిపోయింది, కింది సెల్స్ దాన్నే వాడుకుంటూ వచ్చాయి. తప్పు నాదే, కానీ దీని వెనక అరవై ఏళ్ల కథ ఉంది.

లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన జాన్ మెకార్తీ, లిస్ప్ కోడ్‌ని లిస్ప్‌తోనే లెక్కగట్టే ‘ఎవాల్’ ఫంక్షన్‌ని కాగితం మీద సిద్ధాంతంగానే రాసుకున్నాడు. దాన్ని ఐబీఎం 704 మెషీన్ కోడ్‌లోకి చేత్తో దించినవాడు స్టీవ్ రస్సెల్. 1964 నాటికి పీటర్ డాయిచ్ పీడీపీ-1 యంత్రం మీద ‘రీడ్, ఎవాల్, ప్రింట్’ చక్రాన్ని (రాసింది చదవడం, లెక్కగట్టడం, ఫలితం చూపడం, మళ్లీ మొదటికి) నడిపించాడు. పంచ్ కార్డుల కట్ట ఇచ్చి జవాబు కోసం గంటలు కాచుకునే రోజుల్లో, అడిగిన వెంటనే బదులిచ్చే యంత్రం అది.

ఈ చక్రం ఎడిటర్‌లోకి రావడానికి ఇంకాస్త సమయం పట్టింది. ఎంఐటీలో 1976లో పుట్టిన ఈమాక్స్ ఎడిటర్‌ని మొదట టెకో అనే పాత ఎడిటర్ మీద కట్టారు. రెండేళ్లకు బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కోసం ఈమాక్స్‌ని లిస్ప్‌లో రాశాడు. 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఈమాక్స్ వచ్చేసరికి ఎడిటర్ తనే నడుస్తున్న లిస్ప్ అయిపోయింది. ముగింపు బ్రాకెట్ పక్కన కర్సర్ పెట్టి కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఈ నొక్కితే ఫలితం కింది వరసలో కనబడుతుంది. ఏ ముక్కను పంపాలో ఎడిటర్‌కి వేరే చెప్పక్కర్లేదు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బ్రాకెట్లే చెప్తాయి. అందరూ వెక్కిరించే ఆ బ్రాకెట్లకు ఇంత ఉపయోగం ఉంది. ఇండెంటేషన్ మీద బతికే పైథాన్‌కి ఈ సుఖం లేదు. ఎక్కడిదాకా ఒక ముక్కో తేల్చడానికి ఎడిటర్లు ఖాళీ లైన్లనీ సెల్ గుర్తులనీ వెతుక్కోవాలి.

మెమరీ ఒకటి, ఫైల్ ఒకటి అన్న చిక్కు ఈమాక్స్‌లోనూ ఉంది. వేరియబుల్‌ని ప్రకటించే డెఫ్‌వార్ లైన్‌లో విలువ మార్చి బఫర్ (తెరిచి ఉన్న ఫైల్) మొత్తాన్ని ఎవాల్ చేస్తే పాత విలువే ఉంటుంది: వేరియబుల్‌కి విలువ ఉంటే డెఫ్‌వార్ దాన్ని ముట్టుకోదు. అదే లైన్ మీద కంట్రోల్-మెటా-ఎక్స్ నొక్కితే మాత్రం మారుతుంది. తెలియనివాడు ఓ సాయంత్రం పోగొట్టుకుంటాడు.

2003 ప్రాంతంలో వచ్చిన స్లైమ్ అనే ఈమాక్స్ అనుబంధం, ఈమాక్స్‌ని సాకెట్ (ప్రోగ్రాంల మధ్య నెట్‌వర్క్ దారి) ద్వారా వేరే ప్రాసెస్‌లో నడిచే కామన్ లిస్ప్‌కి కలిపింది. దూరం ఈ పద్ధతికి అడ్డేం కాదు. 1999లో డీప్ స్పేస్ 1 అంతరిక్ష నౌకలో నాసా లిస్ప్ ప్రోగ్రాం ఆగిపోతే, నేల మీదివాళ్లు అక్కడి లిస్ప్‌తోనే మాట్లాడి లోపం పట్టుకున్నారు.

2001లో ఫెర్నాండో పెరెజ్ మొదలుపెట్టిన ఐపైథాన్‌కి (పైథాన్‌కి ఇలాంటి చక్రమే) 2011లో నోట్‌బుక్ తోడైంది, 2014లో అది జూపిటర్ అయింది. లిస్ప్‌వాళ్లు ఎప్పట్నుంచో పడుతున్న ఇబ్బంది డేటా సైన్స్ నేర్చుకునే ప్రతి కుర్రాడికీ పాకింది. సెల్ పక్కనుండే 7, 3, 12 అంకెలు ఏది ముందు నడిచిందో చెప్తాయి గానీ వాటిని చూసేదెవరు?

జూలియా భాషకి 2020లో వచ్చిన ప్లూటో నోట్‌బుక్ ఈ ముడిని మరోలా విప్పింది: సెల్ చెరిపితే అందులోని వేరియబుల్ కూడా పోతుంది, దాని మీద ఆధారపడ్డ సెల్స్ వెంటనే ఎర్రబడతాయి. కాకపోతే పైన చిన్న అంకె మార్చినా కింద పది నిమిషాల లెక్క మళ్లీ మొదలవుతుంది.